పెంటమ్మ అను పేరు గల పిల్ల విషయమై

ఆడవాళ్ల పేర్లకు అర్థం ఉండి తీరాలన్న ఉత్తర్వు తుమ్మలవాగు పురపాలక సంఘానికి శ్రావణమాసంలో చేరింది. అంతకు ముందు ఆ ఊళ్లో ఆడవాళ్లకు ఉత్త పేర్లే ఉండేవి. ఎవరైనా పిలిస్తే పలికేవారు, అంతే.

ఉత్తర్వు పేరు 'స్త్రీ నామ సార్థకతా పథకం'. పైన ఎక్కడో ఒక పెద్ద అధికారి సంస్కృతి మీద మూడు రోజుల సదస్సుకు వెళ్లి, మూడో రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక నిద్ర పట్టక దాన్ని రాశాడని కొందరూ, నిద్రలోనే రాశాడని కొందరూ అనుకున్నారు. అందులో ఉన్నదేమిటంటే, ఇకమీద ఆడపిల్ల జనన ధ్రువీకరణ పత్రంలో కొత్తగా మూడు గడులుంటాయి. పేరు పుట్టుక, పేరు అర్థం, పేరు సాంస్కృతిక వినియోగం. మూడింటినీ ఆధారాలతో నింపితేనే పత్రం చేతికొస్తుంది. ఇప్పటికే పేరున్న ఆడవాళ్లు ఆ పేరుకు తగ్గట్టు నడుచుకోవాలి. మరి మగపిల్లల సంగతేమిటని ఎవరికైనా సందేహం వస్తుందని రెండో పేరాలో ముందే తీర్చేశారు: 'పురుషుల పేర్లు పిలుచుకొనుటకు ఏర్పడినవి. స్త్రీల పేర్లు సంస్కృతిని మోయుటకు ఏర్పడినవి.'

దీన్ని అమలు చేసే బాధ్యత ధీరేందర్ అనే ఆయన మీద పడింది. అప్పటిదాకా వీధి దీపాలు చూసేవాడు. ఇప్పుడు 'నామార్థ సమన్వయాధికారి' అయ్యాడు. చెడ్డవాడు కాదు. కాగితం మీద ఉన్నది నేల మీద కూడా ఉండాలని గట్టిగా నమ్మే మనిషి, అంతే.

పథకాన్ని సొంత కార్యాలయం నుంచే మొదలుపెట్టాడు. విచారణ కౌంటర్లో కూర్చునే అమ్మాయి పేరు మౌనిక. పేరుకు తగ్గట్టు పనివేళల్లో నోరు విప్పరాదని ఆమెకు ఆజ్ఞ అయింది. ఆమెను విచారణ కౌంటర్ నుంచి మార్చమని మాత్రం ఏ కాగితంలోనూ లేదు కనక అక్కడే ఉంచి, ఒక పలకా సుద్దముక్కా ఇచ్చారు. బడిలో లెక్కలు చెప్పే సత్యవతి టీచరు, పుట్టినప్పటి నుంచి తాను ఒక్క అబద్ధమూ ఆడలేదని రాసి సంతకం పెట్టింది. ఇంటికొచ్చి, ఇవాళ్టిది తప్ప, అంది. వెన్నెల అనే రెండేళ్ల పిల్ల పుట్టిన రాత్రి మబ్బు పట్టి ఉన్నట్టు వాతావరణ శాఖ నుంచి తేలింది. ఆ పిల్లకు తాత్కాలికంగా 'మేఘన' అని పేరిచ్చి, వెన్నెల మీద తుది నిర్ణయం పెండింగులో ఉంచారు.

ఇట్లా నడుస్తున్న రోజుల్లో పెంటమ్మ తన మనవరాలిని చంకన వేసుకొని, కూతురిని వెంటబెట్టుకొని ఆ కార్యాలయం మెట్లెక్కింది.

పెంటమ్మకు యాభై ఎనిమిదేళ్లు. బస్టాండు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. మొగుడు పోయి తొమ్మిదేళ్లయింది. ఒక్కతే కూతురు, స్వరూప. అల్లుడు సిరిసిల్లలో మగ్గాల మీద పని చేస్తాడు. స్వరూపకు మొదట పుట్టిన పిల్ల ఏడో నాడు పోయింది. రెండో పిల్ల మూడో నెలలో పోయింది. ఇప్పుడీ మూడోది పుట్టి ఇరవై ఎనిమిది రోజులు.

"ఏం బిడ్డా, పుట్టినట్టు కాయితం గావాలె. ఏడ ఇస్తరు?" అనడిగింది పెంటమ్మ కౌంటర్ దగ్గర.

మౌనిక పలక మీద రాసింది: 'ఫారం ఏడు.'

"నాకు సదువు రాదు తల్లీ. నోటితోని జెప్పరాదు? పానం బాగలేదా?"

మౌనిక తన మెడలోని గుర్తింపు కార్డు మీద పేరు చూపించింది. స్వరూప అది చదివి తల్లి చెవిలో చెప్పింది. పెంటమ్మ ఆ అమ్మాయి వంక జాలిగా చూసింది. "ఇంటికాడన్న మాట్లాడనిస్తున్నరా?" అంది. మౌనిక తలూపి, ధీరేందర్ గది వైపు వేలు చూపింది.

పిల్ల పేరు పెంటమ్మ అని స్వరూప నింపిచ్చిన ఫారం ధీరేందర్ చదివాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చదివాడు.

"చూడమ్మా, నీవు సమర్పించిన నామము అనుబంధం 'గ'లో పొందుపరచిన అభ్యంతరకర నామముల జాబితాలో పన్నెండవది."

"నా పేరు గూడ గదే సారూ. యాభై ఎనిమిదేండ్ల సంది పిలుస్తున్నరు. ఎవ్వలు అభ్యంతరం జెయ్యలే."

"పెంట అనగా చెత్త, మలినము. ఒక స్త్రీమూర్తికి అట్టి నామము తగదు. ప్రత్యామ్నాయముగా మా వద్ద పుణ్యశ్రీ, ప్రజ్ఞశ్రీ, పవిత్రశ్రీ కలవు. మొదటి అక్షరము కూడా మారదు."

"మంచిగున్నయి సారూ. కని గవి దక్కే పేర్లు గావు."

"దక్కే పేర్లనగా?"

పెంటమ్మ కుర్చీ లేకపోయినా కింద చతికిలబడి చెప్పింది. వాళ్లమ్మ లచ్చవ్వకు నలుగురు పిల్లలు పుట్టి పోయారు. అయిదో కాన్పులో పెంటమ్మ పుట్టింది. మంత్రసాని పసిగుడ్డును చాటలో పెట్టి, తీసుకుపోయి, వాడ చివర పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటామె అటుగా పోతున్నట్టు పోయి, "అయ్యో, ఎవల బిడ్డనో పెంట మీద దొరికింది" అంటూ ఎత్తుకుంది. లచ్చవ్వ ఆమెకు చాటెడు తవుడిచ్చి బిడ్డను కొనుక్కుంది.

"సావు మల్ల మా ఇంటికొచ్చి సూసిందట సారూ. గీ ఇంట్ల లచ్చవ్వ బిడ్డ లేదు, పెంట మీద దొరికింది, తవుటికి కొన్నది ఉన్నది, ఇదేం జేసుకుంటం అని మర్లిపోయిందట. గందుకే నేనున్న. గిప్పుడు నా బిడ్డ బిడ్డకు గూడ గట్లనే జేసినం. మా ఇంటెనుక బుచ్చవ్వ బర్రెల పెంట మీద పండవెట్టినం, బుచ్చవ్వ ఎత్తుకున్నది, మేము తవుడిచ్చి తెచ్చుకున్నం."

ధీరేందర్ అదంతా నాలుగు పేరాలుగా వాంగ్మూలం రాసుకున్నాడు. అతని ముఖం వెలిగిపోయింది. అప్పటివరకు వచ్చిన పేర్లన్నీ నిఘంటువులోంచి వచ్చినవే. పుట్టుక, అర్థం, సాంస్కృతిక వినియోగం మూడూ ఉన్న మొదటి పేరు ఇదే.

"ఆధారము చూపినచో అభ్యంతరము తొలగించవచ్చును. సదరు పెంట ఎక్కడ ఉన్నది?"

అందరూ కలిసి బుచ్చవ్వ ఇంటి వెనక్కి పోయారు. పెంట లేదు. స్వచ్ఛవీధి కార్యక్రమం కింద పురపాలక సంఘమే నాలుగు రోజుల కింద ట్రాక్టర్ పెట్టి ఎత్తించింది. శుభ్రంగా ఉన్న ఆ ఖాళీ జాగా ఫొటోకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. అది ధీరేందర్ కుర్చీ వెనకాల గోడకే వేలాడుతోంది.

"మూలాధారము నశించినది," అన్నాడు ధీరేందర్ దిగులుగా. ఆ రాత్రి నిద్రపోయాడో లేదో గానీ తెల్లారి పదింటికల్లా దారి కనిపెట్టాడు. "ప్రక్రియను అధికారుల సమక్షములో పునఃప్రదర్శించవలెను. అందునిమిత్తము ఒక ప్రామాణిక పెంటను నిర్మించవలెను."

నిర్మించడానికి రెండు నెలలు పట్టింది. బుచ్చవ్వ తన బర్రెల పెండ తట్టలతో తెస్తానంది, వద్దన్నారు. ఆ బర్రెలకు పేర్ల నమోదు లేదు. పైగా అవి ఆడవి కనక వాటి పేర్లకు కూడా అర్థం కావాలా వద్దా అన్నది తేలలేదు. జిల్లా కేంద్రంలోని పాడి క్షేత్రం నుంచి పరీక్ష చేసిన పెండ తెప్పించారు. ఇంజనీరు ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు అని గీత గీశాడు. పెంట జారిపోకుండా చుట్టూ సిమెంటు గట్టు కట్టారు. గట్టుకు పసుపు రంగు పూశారు. కార్యాలయం ఆవరణలో కనక వాసన వస్తోందని ఉద్యోగులు ఫిర్యాదు చేస్తే, అత్తరు చల్లారు. ముందు బోర్డు పెట్టారు: 'ప్రామాణిక పెంట. ఇచట చెత్త వేయరాదు.'

పెంటమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"సారూ, గిది పెంట లెక్క లేదు, పెండ్లి పందిరి లెక్కున్నది. సావు గూడ సుట్టమనుకొని లోపల్కి వస్తది."

"నీవు భయపడవలదు. రక్షణ ఏర్పాట్లు ఉన్నవి," అన్నాడు ధీరేందర్.

పునఃప్రదర్శన రోజున షామియానా వేశారు. కమిషనర్ గారు రిబ్బను కత్తిరించి, పెంట మన వారసత్వమనీ, పరిశుభ్రత మన లక్ష్యమనీ, రెండింటినీ ఒకే ఆవరణలో సాధించిన ఘనత తుమ్మలవాగుదనీ ఇరవై నిమిషాలు మాట్లాడారు. అప్పటికి మూడు నెలలు నిండిన పిల్లను తెల్ల గుడ్డ పరిచి కుప్ప మీద పడుకోబెట్టారు. పిల్ల షామియానా రంగులు చూస్తూ కాళ్లు ఆడించింది. ఇక బుచ్చవ్వ వచ్చి ఎత్తుకోవాలి. బుచ్చవ్వ రాలేదు. ఆమె దగ్గర ప్రవేశపత్రం లేదని గేటు దగ్గర ఆపేశారు.

"ఒదులుండ్రయ్యా, బిడ్డను ఎత్తుకునేది నేనే!" అని ఆమె గేటవతల నుంచి అరుస్తోంది.

ఎండ పిల్ల కళ్లలో పడింది. పిల్ల ఏడుపు ఎత్తుకుంది. స్వరూప ముందుకు ఉరకబోతే పెంటమ్మ రెక్క పట్టుకుని ఆపింది, కన్నతల్లి ఎత్తుకోకూడదు మరి. ఏడుపు పెద్దదైంది. కమిషనర్ గారు ధీరేందర్ వంక చూశారు. ధీరేందర్ కంగారుగా గట్టు దాటి పోయి, పిల్లను రెండు చేతులా ఎత్తుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"అయ్యో సారూ! బిడ్డ మీదైపాయె!" అంది పెంటమ్మ.

ధీరేందర్ నవ్వబోయి ఆగాడు. లోపలికి పోయి ఫైలు తెరిచాడు. వాంగ్మూలం, పేరా నాలుగు: 'ఎవరు మొదట ఎత్తుకొందురో శిశువు వారిదగును. తవుడు ఇచ్చి కొనువరకు తల్లికి హక్కు లేదు.' కింద తన సంతకమే ఉంది. పైగా పిల్లను ఎత్తుకున్నది ఇంటి మనిషిగా కాదు, అధికారిగా. కాబట్టి పిల్ల ధీరేందర్‌ది కూడా కాదు, విభాగానిది.

"దానిదేమున్నది సారూ, ఇగో తవుడు," అని పెంటమ్మ కొంగులోంచి మూట విప్పింది.

"తవుడు స్వీకరించుటకు ఈ కార్యాలయమునకు అధికారము లేదు. జిల్లాకు రాయవలెను."

జిల్లాకు రాశారు. జవాబొచ్చేదాకా పిల్లను ఏం చేయాలన్నది తేల్చడానికి సాయంత్రం అయిదయింది. చివరికి ఒక ఏర్పాటు కుదిరింది. రోజూ పదింటికి పిల్లను కార్యాలయంలో హాజరు పరచాలి. అయిదింటికి 'తిరిగి తెచ్చు షరతుపై' గేటు పాసు రాసిచ్చి తల్లి వెంట పంపుతారు. కార్యాలయ సామగ్రి జాబితాలో విరిగిన కుర్చీకీ గోడ గడియారానికీ నడుమ 'శిశువు, ఒకటి' అని చేర్చారు. స్వరూప ఆ రాత్రంతా పిల్లను గుండెకు అదుముకొని పడుకుంది. "అవ్వా, వీళ్లు ఇయ్యకపోతే?" అని నాలుగుసార్లు అడిగింది. పెంటమ్మ లేచి తవుడు మూటను ఇంకో ముడి వేసి కట్టింది.

మర్నాటి నుంచి ధీరేందర్ గదిలో దూలానికి చీర కట్టి ఉయ్యాల వేశారు. స్వరూప వసారాలో కూర్చుని, పాలకు వేళైనప్పుడల్లా అర్జీ పెట్టుకుని లోపలికొచ్చేది. పిల్లకు ఉత్తర్వులంటే ఇష్టమని మొదటి రోజే తెలిసింది. ధీరేందర్ ఏదైనా సర్క్యులర్ పైకి చదివితే మూడో పేరాకల్లా నిద్రపోయేది. మూడో రోజు మాత్రం అనుబంధాలన్నీ చదివినా ఏడుపు ఆపలేదు. అప్పుడు బయట కౌంటర్ నుంచి ఒక జోలపాట వినిపించింది. గొంతు సన్నగా, తియ్యగా ఉంది. రెండు నెలలకు పైగా ఆ గొంతు అక్కడ ఎవరూ విని ఉండలేదు. పిల్ల ఏడుపు ఆపింది. కౌంటర్ ముందు నిలబడ్డ జనం కూడా తాము వచ్చిన పని మరచిపోయారు.

మౌనికకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. ఆమె పలక మీద జవాబు రాసింది: 'పాడాను. మాట్లాడలేదు.' ధీరేందర్ దాన్ని చాలాసేపు పరిశీలించి, నియమాలకు లోబడి ఉందని ఒప్పుకున్నాడు.

ఎనిమిదో రోజు పదిన్నరయింది, పదకొండయింది, పిల్ల రాలేదు. ధీరేందర్ రెండుసార్లు గేటు దాకా వెళ్లొచ్చాడు. పదకొండున్నరకు, కార్యాలయ ఆస్తి తనిఖీ నిమిత్తం బయటికి వెళుతున్నట్టు రిజిస్టర్లో రాసి, ఎండలో నడుచుకుంటూ పెంటమ్మ ఇంటికి పోయాడు.

పిల్లకు జ్వరం. పొద్దున్నే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకుపోయి మందు తెచ్చారు. స్వరూప పిల్లను ఒళ్లో పెట్టుకొని, తడి గుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉంది. పిల్ల మీదనుంచి కళ్లు తీయడం లేదు. వచ్చింది ఎవరో కూడా చూడలేదు.

"మొదటిదానికి గూడ గిట్లనే జరమొచ్చింది సారూ," అంది పెంటమ్మ మెల్లగా. "పొద్దుగూకేటాల్లకు చల్లవడ్డది. మేము జరం దిగిందనుకున్నం."

ధీరేందర్‌కు తెలిసిన భాషలో ఆ సమయానికి పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు. గడప మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం పెంటమ్మ రొట్టె పెడితే తిన్నాడో లేదో అతనికే తెలియదు. మూడింటికి మళ్లీ మందు వేశారు. నాలుగున్నరకు పిల్ల నుదుట చెమట పట్టింది. కళ్లు తెరిచి, పాల కోసం నోరు చప్పరించింది. స్వరూప అప్పుడు ఏడ్చింది.

"పెంటమ్మకు తగ్గిందా?" అన్నాడు ధీరేందర్ గడప మీద నుంచే.

అప్పటిదాకా అతని నోట 'సదరు శిశువు' అన్న మాటే వినిపించేది.

మర్నాడు అతను జిల్లా జవాబు కోసం ఆగలేదు. పెంటమ్మను పిలిచి, తవుడు మూట బల్ల మీద పెట్టించుకున్నాడు. రశీదు రాయబోయి, ఆపేసి, మూట చంకన పెట్టుకొని పోయి స్వయంగా బుచ్చవ్వ బర్రెలకు పోసి వచ్చాడు. పిల్లను ఉయ్యాలలోంచి తీసి స్వరూప చేతికిచ్చాడు. తర్వాత పత్రం ముందేసుకున్నాడు. పుట్టుక గడి నింపాడు, సాంస్కృతిక వినియోగం గడి నింపాడు. అర్థం దగ్గర కలం ఆగింది.

"చెత్త అని రాయడానికి చెయ్యి రావట్లేదమ్మా. అసలు ఈ పేరుకు అర్థమేమని రాయమంటావు?"

పెంటమ్మ మనవరాలి తల నిమిరింది. "సావుకేమో ఇది అక్కెరకు రానిదని జెప్తం సారూ. అంటే మాకు గావాలెననే గదా."

ధీరేందర్ గుండ్రని అక్షరాలతో రాశాడు: 'పెంటమ్మ: కావలసినది.' ముద్ర వేశాడు.

తవుడు గురించి జిల్లా నుంచి జవాబు మూడు వారాల తర్వాత వచ్చింది. 'తవుడు అనగానేమి?' అని అడిగారు.

ఈలోగా పత్రం నకలు పై అధికారికి చేరింది. ఆయన అర్థం గడి చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. ఇంత గొప్ప అర్థమున్న పేరును ఎవరు పడితే వారు పెట్టుకుని తిరగడం తగదని అదే ఊపులో ఇంకో ఉత్తర్వు తీశాడు. పెంటమ్మ అను పేరు గల స్త్రీలందరూ తాము ఎవరికైనా కావలసినవారేనని పదిహేను రోజుల్లో సాక్ష్యంతో నిరూపించుకోవాలి. లేనిచో పేరు రద్దగును.

నోటీసు ఎవరికి వచ్చిందో వేరే చెప్పాలా? పెంటమ్మ మనవరాలిని ఎత్తుకొని మళ్లీ ఆ మెట్లెక్కింది. అప్పటికి పిల్లకు అయిదు నెలలు.

"నన్ను గావాలెననుకున్నోళ్లు మా అవ్వ, మా నాయిన, మా ఆయన. ముగ్గురు పోయిరి సారూ. ఇగ నా బిడ్డ ఉన్నది, రాయుండ్రి."

ధీరేందర్ తల వంచుకున్నాడు. "నియమము ఆరు ప్రకారము, ప్రయోజనము పొందువారి సాక్ష్యము చెల్లదమ్మా. నీ కూతురు నీ రొట్టె తింటుంది. బుచ్చవ్వా తింటుంది. బస్టాండంతా తింటుంది." కళ్లజోడు తీసి, "నేను కూడా తిన్నాను," అన్నాడు.

"అయితే నేను ఎవ్వలకు గానట్టేనా?"

ఆ మాట పెంటమ్మ నవ్వుతూనే అంది. కొంగు సర్దుకోవడానికి, పిల్లను కాసేపు పట్టుకోమన్నట్టు ధీరేందర్‌కు అందించింది. ఎనిమిది రోజుల చుట్టరికం ఉన్న ఒడే అయినా పిల్ల అందులో క్షణం నిలవలేదు. వెనక్కి విరుచుకుని, రెండు చేతులూ చాచి, అమ్మమ్మ కోసం కార్యాలయం కప్పు ఎగిరిపోయేట్టు కేక పెట్టింది. పెంటమ్మ తీసుకోగానే ఠక్కున ఆగి, ఆమె మెడలో ముఖం దూర్చేసింది.

ధీరేందర్ లేచి నిలబడ్డాడు. బల్ల మీదుగా వంగి, పిల్ల చిగుళ్లు పరీక్షగా చూశాడు.

"పళ్లు రాలేదు," అన్నాడు. "రొట్టె తినే వీలు లేదు. ప్రయోజనము ఏమీ లేదు."

సిరా పెట్టె తెరిచాడు. పిల్ల పిడికిలి విప్పడానికి ముగ్గురు కావలసివచ్చింది. పెసరగింజంత బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తారు. దాని పక్కన ధీరేందర్ రాశాడు: 'కావలసిన వ్యక్తి: పెంటమ్మ, యాభై ఎనిమిది సంవత్సరములు. కోరిన వ్యక్తి: పెంటమ్మ, అయిదు నెలలు. నిశానీ.'

పిల్ల ఆ వేలిని అమ్మమ్మ చెంపకు తుడుచుకుంది.